ఎడ్ల వెనక పరుగు

ఎనభైల మొదట్లో నేను జగ్గయ్యపేటలో పంతులమ్మను. నా జీవితంలో పరుగన్నది బస్సు కదిలాక మాత్రమే జరిగే పని. అందులోనూ సగం సార్లు బస్సే గెలిచేది. అలాంటి నా పేరు మా డ్రిల్లు టీచరుగారు మూడు కిలోమీటర్ల రోడ్డు పందేనికి రాసేశారు.

ఆవిడ బాధ ఆవిడది. నందిగామలో జరిగే పంతులమ్మల ఆటల పోటీల్లో తాడు లాగడం, కుర్చీలాట తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఆడవాళ్ళకూ రోడ్డు మీద పరుగు పెట్టండని ఆవిడ నాలుగేళ్ళు అర్జీలు పెడితే, చివరికి సరేనన్నారు. షరతు ఒకటే. బడికి నలుగురు, ఆ నలుగురూ ఆగకుండా గీత దాటాలి. ఒక్కరు ఆగినా ఆ బడి పోటీలో లేనట్టే. మా బడిలో ఆవిడతో కలిపి ముగ్గురే తేలారు.

"మీరు గెలవక్కర్లేదండి, ఆగకుండా ఉంటే చాలు," అన్నారావిడ. నాలుగేళ్ళ అర్జీల బరువు నా నెత్తిన పెట్టి ఎంత తేలిగ్గా అనేశారో!

మా ఊరు పేటకు దగ్గరే, వేదాద్రి వెళ్ళే దారిలో. మర్నాడు తెల్లవారగానే కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని రోడ్డెక్కాను. రెండు ఫర్లాంగులు వెళ్ళానో లేదో వెనక అడుగుల చప్పుడు. పాలు పోయడానికి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళు క్యాన్లు రోడ్డు పక్కన దింపేసి నా వెంట పరుగెత్తుకొస్తున్నారు.

"ఎవరికేమైందమ్మా? మీ మామకేనా?"

"ఎవరికీ ఏం కాలేదు పిన్నీ. ఊరికే పరిగెత్తుతున్నా."

"ఊరికే ఎవరన్నా పరిగెత్తుతారటే! చెప్పవే తల్లీ, గుండె కొట్టుకుంటంది."

నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో పదిమంది. మా మామయ్యగారు అరుగు మీద కూర్చుని, తాను బతికే ఉన్నానని వచ్చినవాళ్ళందరికీ ఓపిగ్గా చెబుతున్నారు. పరుగు తీయబోయి ఇంటి పరువు తీశాననుకుంటూ లోపలికి తప్పుకున్నాను.

మామయ్యగారు బండలాగుడు పందేలకు ఎడ్లను తయారుచేసేవారు. కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు ఆయన తరంలో లేదు. నాకు చెప్పాల్సింది ఏ స్తంభానికో, గేదెకో చెప్పేవారు, నేను వినేదాన్ని. ఆ సాయంత్రం మేత వేస్తూ ఎడ్లతో అన్నారు: "ఒరే, రేపట్నించి మనతో ఇంకో మనిషొస్తది. ఎడ్ల వెనకొచ్చే మనిషిని ఎవరూ ఏం అడగరు."

నిజంగానే ఎవరూ అడగలేదు. ముందు ఎడ్ల జత, పక్కన ఆయన, వెనక నేను. ఆయన చేతిలో కర్ర ఉండేది గానీ అది పైకి లేవగా నేను చూడలేదు. ఆయన ఊపిరిని చూసేవారు. "తొలి మలుపులోనే దౌడేంట్రా? ఎవర్ని మెప్పిద్దామని? మెరక చివర్లో ఉందిగా!" నేను వేగం తగ్గించేదాన్ని. "నోరు తెరుచుకుని కాదురా, ముక్కుతో." నోరు మూసుకునేదాన్ని. అంతకుముందు ఏ హెడ్మాస్టరూ నా నోరు మూయించలేకపోయాడు. ఇంకాస్త దూరం పోదామని నాకు అనిపిస్తుండగానే ఆపేసేవారు: "చాలు. ఇంకా లాగాలని ఉండగానే కాడి దించాలి. రేపు దానంతట అదే మెడ ఇస్తది."

ఆ నెలంతా మా ఇంట్లో ఉలవలు ఉడుకుతూనే ఉన్నాయి. గింజలు ఎడ్లకు, వాటి చారు నాకు. మా మధ్య తేడా అంతే.

ఎదుటివాళ్ళు సిగ్గుపడే పని లేకుండా తప్పు దిద్దడం నాకు పంతులమ్మల ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు. ఆయన మాట ఎద్దును అన్నట్టే ఉండేది, తగలాల్సిన చోట తగిలేది, తలెత్తుకుని నడిచే వీలు మాత్రం నాకు మిగిల్చేది. పందెం ముందురోజు ఎడ్లను కొట్టంలోనే ఉంచి, "ఇవాళ గడప దాటొద్దు," అన్నారు. ఎడ్లకు గడప ఎక్కడిది!

చందర్లపాడు రోడ్డు మీద మొదలై నందిగామలోకి వచ్చే పరుగు అది. ఈల వినగానే అందరూ దూసుకుపోయారు. తొలి మలుపు సంగతి తెలిసిన నేను ఆఖర్న మిగిలాను. రెండో కిలోమీటరు రాయి దాటాక ఒకావిడ డొక్క పట్టుకుని, తూలుతూ పరుగెత్తడం కనిపించింది. మా డ్రిల్లు టీచరుగారే! ముందుండి మాకు దారి చూపాలని మొదట్లోనే బలమంతా పెట్టేసినట్టున్నారు. ఇంకో పదడుగుల్లో ఆగిపోతారు. ఆవిడ ఆగితే ఆ నాలుగేళ్ళూ బూడిదలో పోసినట్టే.

ఆవిడకు పరుగు గురించి నేనేం చెప్పను? పక్కకు చేరేసరికి ఆవిడ ముఖం అటు తిప్పుకున్నారు. నేను రోడ్డు వైపే చూస్తూ అన్నాను: "ఒరే, నెమ్మది. దౌడొద్దు. ముక్కుతో పీల్చండ్రా. ఆ తుమ్మచెట్టు దాకా చాలు." తుమ్మచెట్టు వచ్చాక, "ఆ కల్వర్టు దాకా," అన్నాను. కల్వర్టు దాటేసరికి పక్కనున్న అడుగులు నా అడుగులతో కలిశాయి. నేను తిరిగి చూడలేదు.

ఊళ్ళోకి వచ్చేసరికి ఆవిడకు ఊపిరి అందింది. కావాలంటే నన్ను దాటిపోగలరు, పరుగులోనే తెలుస్తోంది. గీత దగ్గర ఒక అడుగు వెనక్కి తగ్గి నన్ను ముందు పోనిచ్చారు.

"పేట నలుగురూ వచ్చినట్టేనా? ఆఖరి పేరెవరిది?" కాగితం పట్టుకున్నాయన అడిగాడు.

"నాదండి," అన్నారు డ్రిల్లు టీచరుగారు. ఆయన పెన్ను కదిలేదాకా అక్కడే నిలబడి, మా నాలుగు పేర్లూ ఆ కాగితం మీద పడ్డాకే కూర్చున్నారు.