పేరెత్తకూడని బెంచీ

హొగెనకల్లులో, సుడి తిరిగే నీళ్ళ మీద, ఒక స్నేహితుడు దోసెల అక్కకు మాట ఇచ్చాడు. కావేరి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని మరీ ఇచ్చాడు. ఆ మాట ఎక్కువ కాలం నిలవలేదు. అది తప్పిపోయి ఒక తరం దాటింది. మొన్న మంగళవారం పొద్దున్నే సైకిలు షాపు మిత్రుడు ఫోను చేసి, "అక్క పోయిందిరా" అన్నాడు. ఏ అక్క అని నేను అడగలేదు. తమిళనాట ఈ ధర్మపురిలో మా ఇద్దరికీ ఉన్నది ఒకే అక్క. ఫోను పెట్టేసేలోపే నాకు ఆ దోసిలి గుర్తొచ్చింది. మంచి మనిషిని తలుచుకోవలసిన చోట ముందు చెడ్డ సంగతి గుర్తుకు రావడం నా జబ్బు అని మా అమ్మాయి అంటుంది. కావచ్చు. ఈ వయసులో దానికి మందు వాడే ఉద్దేశం లేదు.

పోయినవాళ్ళ గురించి రాసినవి నేను చాలా చదివాను. వాటిలో పోయినవాళ్ళంతా దేవతలే. దోసెల అక్క దేవత కాదు. చట్నీ మూడోసారి అడిగితే మొహం ముడుచుకునేది. చిల్లర లేదన్నవాణ్ణి పక్క అంగడిదాకా నడిపించేది. అయినా, ఎనభైల్లో ఈ ఊళ్ళో నేను బతికిన బతుకులో ఏమైనా రుచి ఉందంటే అది ఆమె పెనం మీదనుంచి వచ్చిందే.

బస్టాండు పక్కన అప్పట్లో ఒక బియ్యం గోడౌను ఉండేది. అక్క భర్త అందులో మూటలు మోసేవాడు. ఒక వేసవిలో మూట కింద నడుం విరిగి, మంచాన పడి, చివరికి చనిపోయాడు. గోడౌను పెద్దాయన అక్కను పిలిపించి, "ఆ ముందరి గోడకు ఆనుకొని పొయ్యి పెట్టుకోమ్మా. నేనుండేవరకు ఎవురూ అడగరు" అన్నాడట. అంతే ఒప్పందం. ఒక మట్టి పొయ్యి, ఒక ఇనప పెనం, ఒక పొడుగాటి చెక్కబెంచీ. సాయంత్రం నాలుగింటికి పొయ్యి వెలిగేది. రాగి దోసె, బియ్యప్పిండి దోసె, చెనక్కాయల చట్నీ, మామిడికాయల కాలంలో పచ్చిమామిడి కారం. ఆ కారానికి మిరపకాయలు కారిమంగళం సంతలో తనే ఏరి తెచ్చుకునేది. ఇంకెవరు తెచ్చినా ఒప్పుకునేది కాదు.

బెంచీకి ఆ చివర ముగ్గురం కూర్చునేవాళ్ళం. సైకిలు షాపతను, నేను, గోడౌను పెద్దాయన ఒక్కగానొక్క కొడుకు. మా ముగ్గురికీ ఇళ్ళలో తెలుగే, గడప దాటితే అరవమే. తెలుగు చదవడం మాత్రం నాకొక్కడికే వచ్చు, మా తాత పుణ్యం. ఎప్పుడూ చేతిలో పుస్తకం ఉంటుందని అక్క నాకు లైబ్రరీ అని పేరు పెట్టింది.

"ఏమిరా లైబ్రరీ, ఈ పొద్దు ఉత్తచేతులతో వచ్చినావు? పుస్తకాలన్నీ అయిపోయినాయా?"

"కండ్లు నొప్పిక్కా."

"నా దోసె చూడు, కండ్లకు మంచిది. అక్షరాలుండవు."

ఆంధ్రనుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఒకసారి మా మాటలు విని నవ్వాడు. ఇదేం తెలుగండీ అన్నాడు. అక్క పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ, "దోసె తినే తెలుగు సామీ. రెండు పొయ్యల్నా, మూడా?" అంది. ఆయన మూడు తిన్నాడు. ఆ తర్వాత ఆయన రాసినదేదో పత్రికలో చదివాను. అందులో రుచీ పచీ లేదు.

ఆ బెంచీకి ఒక కట్టుబాటు ఉండేది. దాని మీద కూర్చుని ఎవరినైనా తిట్టవచ్చు. ఆఫీసరును, మామగారిని, అద్దె పెంచినవాణ్ణి, ఎవరినైనా సరే. పేరు మాత్రం ఎత్తకూడదు. కొత్తగా వచ్చినవాడు ఎవడైనా నోరు జారితే అట్లకాడ వాడివైపు చూపించేది.

"పేరు పెట్టి తిడితే ఆ మనిషి వచ్చి నీ పక్కన కూచున్నట్లే నాయనా. కూచున్నోడికి దోసె పొయ్యకుండా ఉంటే బాగుంటాదా? పిండి యాడినుంచి తెచ్చేది?"

అందుకే మా బెంచీ మీద పేర్లు లేవు. మా ఆఫీసులో పై అధికారి 'ఇంకుబుడ్డి'. సైకిలు షాపతని మామ 'పంక్చరు'. అందరికీ ఎవరో తెలుసు, ఎవరూ చెప్పరు. నేను చదివిన పెద్ద పెద్ద నీతి గ్రంథాలలో నాకు ఇంత పనికొచ్చిన కట్టుబాటు దొరకలేదు. ఈ వ్యాసంలో కూడా ఇంతవరకూ దాన్ని పాటిస్తూనే వచ్చానని మీరు గమనించే ఉంటారు.

ఇక పాట. బస్సులు హారన్లు కొడుతుంటే, కండక్టర్లు సేలం సేలం అని అరుస్తుంటే, ఎదురుగా కాఫీ అంగడిలో రేడియో మోగుతుంటే, వీటన్నిటి మధ్య అక్క పాడేది. వాళ్ళమ్మ కలుపు తీస్తూ పాడిన పాటలు. వాటికి తనవి కలిపేది. కాఫీ అంగడి రేడియోలోనుంచి రాగం లాక్కుని, కండక్టరు అరుపు దాంట్లో దూర్చి, బెంచీ మీద ఉన్నవాడి మీద ఒక చరణం కట్టేది. పెళ్ళిచూపులకని పోయి బస్సులో నిద్రపోయి, కృష్ణగిరిదాకా వెళ్ళి తిరిగొచ్చిన సైకిలు షాపతని మీద కట్టిన పాటకు బస్టాండు సగం నవ్వింది. సంగీతం తెలిసిన ఒకాయన, కచేరీలకు కండువా వేసుకుని ముందు వరసలో కూర్చునే రకం, దాన్ని పాట అనడానికి వీల్లేదన్నాడు. ఆయన కూడా పోయాడు. ఆయన మీద నేనేమీ రాయడం లేదు. అదే నా తీర్పు.

అక్క పాట మా ముగ్గురిలో ఎక్కువగా పట్టినది గోడౌను అబ్బాయికే. ఈ సంగతి ఒప్పుకోక తప్పదు. వాడికి ఇంట్లో మంచి టేప్ రికార్డరు ఉండేది, బొంబాయినుంచి తెప్పించింది. అది వదిలేసి వచ్చి బెంచీ చివర కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. దోసె చల్లారిపోయేది.

"తినరా, రాయైపోతాది" అనేది అక్క.

"పాట అయిపోనీక్కా" అనేవాడు.

ఒక ఆదివారం మాత్రం అక్క పొయ్యి వెలిగించలేదు. మా ముగ్గురి పోరు పడలేక హొగెనకల్లుకు వచ్చింది. తెల్లారి బస్సు, ఒళ్ళో చింతపండన్నం డబ్బా. పుట్టింది ఈ జిల్లాలోనే, అయినా ఆ నీళ్ళు ఎప్పుడూ చూడలేదు. సైకిలు షాపతను నూనె మర్దన చేయించుకుంటుంటే చూసి, "దోసెకు కూడా ఇంత నూనె పొయ్యను కదరా నేను" అంది. వేయించిన చేపలు తిన్నాం. అక్క ఒక ముక్క కొరికి, ఉప్పు చాల్లేదని తేల్చి, ఆ చేపలమ్మే ఆవిడకు అరవంలో కారం కలిపే పద్ధతి చెప్పి వచ్చింది.

తర్వాత పరిసలు ఎక్కాం. అది గుండ్రటి తట్టలాంటి పడవ. మొదట అక్క అంచు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు తెరవలేదు. జలపాతం దగ్గరకు పోయేకొద్దీ హోరు పెరిగి, పక్కనున్న మనిషి మాట వినపడలేదు. అప్పుడు చేతులు వదిలింది. పాట ఎత్తుకుంది. గొంతు ఎంత చించుకున్నా నీళ్ళు మింగేస్తున్నాయి, అయినా పాడుతూనే ఉంది. మాటలు వినపడక, ఆమె పెదవులు చూస్తూ కూర్చున్నాం. పడవవాడు తెడ్డు పైకెత్తి పడవను దానంతట దాన్నే తిరగనిచ్చాడు. గోడౌను అబ్బాయి మొహం తడిసి ఉంది. తుంపర అన్నాడు. తుంపర మా అందరి మీదా పడింది, వాడి కళ్ళు మాత్రమే ఎర్రబడ్డాయి.

హోరు తగ్గిన చోటికి రాగానే వాడు వంగి నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నాడు.

"అక్కా, ఈ గంగ మీద ఆన. మా నాయన ఉన్నా పోయినా, నేనుండేవరకు నీ పొయ్యి ఆ గోడకాన్నుంచి కదలదు."

"ఇప్పుడెవురు కదిలిస్తామన్నార్రా? మీసాలొచ్చినోళ్ళందరికీ ఆనలు పెట్టేది ఒక సరదా. నీళ్ళు వదుల్, చొక్కా తడస్తా ఉంది."

అలా అందే కాని తిరుగు ప్రయాణంలో మిగిలిన చింతపండన్నమంతా వాడికే పెట్టింది.

పెద్దాయన పోయాడు. గోడౌను, గోడ, గోడ ముందరి నేల, అన్నీ వాడివయ్యాయి. పన్నెండో రోజు ముగియగానే ఇంజినీరు ఒకడు టేపు పట్టుకుని గోడ చుట్టూ తిరిగాడు. తర్వాత ఒక సాయంత్రం, బెంచీ నిండా జనం ఉండగా, వాడు వచ్చాడు. కూర్చోలేదు.

"అక్కా, గోడ తియ్యాల్సొస్తా ఉంది. హోటలు కడతా ఉన్నాం. లోపల వంటింట్లో నీకే దోసెల పని. నెల జీతం, నీడపట్టు, ఫ్యాను."

"ఫ్యాను కింద పొయ్యి మండదు కదరా."

"గ్యాసుక్కా."

"వీధి కనపడతాదా?"

"వంటిల్లు వెనకపక్కుంటాది" అన్నాడు వాడు.

"సరి" అంది అక్క.

నాకు ఒళ్ళు మండింది. గంగ మీద ఏమి చెప్పినావురా అని లేచాను. వాడి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అట్లకాడ నావైపు తిరిగింది.

"లైబ్రరీ. పేరొద్దు."

ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒక రాగి దోసె పోసి, పచ్చిమామిడి కారం వేసి, వాడి చేతికి ఇచ్చింది. వాడు నిలబడే తిన్నాడు. బాగా తిన్నాడు కూడా.

అక్క వాడి వంటింటికి పోలేదు. రెండు వీధుల అవతల సందులో తన ఇంటి వాకిట్లోనే పెనం పెట్టుకుంది. అదే పిండి, అదే కారం. మేమిద్దరం తప్పకుండా పోయేవాళ్ళం. ఆ సందులో బస్సు లేదు, రేడియో లేదు, అరుపు లేదు. పిల్లి నడిస్తే వినపడేది. కొన్ని వారాలు పోయాక కాని ఏం తక్కువైందో నాకు అర్థం కాలేదు.

"పాడవేమిక్కా?" అని అడిగాను.

ఆమె పెనం మీదనుంచి చూపు ఎత్తలేదు.

"సద్దుంటేనేరా నాకు పాట వచ్చేది. ఎవురికీ వినపడదులే అని పాడేదాన్ని. ఈడ నా గొంతు నాకే వినపడతా ఉంది. సిగ్గుగా ఉంది."

"మేమే కదక్కా ఉండేది."

"అదేరా సిగ్గు."

ఆ తర్వాత ఆమె పాడగా నేను వినలేదు. సైకిలు షాపతనూ వినలేదు. అంత నిశ్శబ్దంలో దోసె చుయ్యిమనే చప్పుడు ఒక్కటే మిగిలింది. గోడ పోతే ఇంకో గోడ దొరుకుతుంది. ఆ పాట ఎక్కడనుంచి వస్తున్నదో తెలిసినవాడే దాని నోరు నొక్కాడు. తెలియనివాడు చేసి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. సైకిలు షాపతను మరిచిపోయాడు. ఆ హోటల్లో తిన్నాడు కూడా, కాఫీ బాగుంటుందని నాతోనే అన్నాడు. ఆరు నెలలు అతనితో మాట్లాడలేదు. నేను మాత్రం ఇంతవరకూ ఆ గడప తొక్కలేదు.

ఆఖరి సంవత్సరాల్లో అక్క చూపు తగ్గింది. నేను వెళితే చెప్పుల చప్పుడు పట్టి, "లైబ్రరీ, ఏమి చదవతా ఉండావు?" అనేది. చదివి వినిపించేవాణ్ణి. సగంలో, "అంత మెల్లగా చెప్పేదానికి అన్ని మాటలెందుకురా?" అనేది. పోయిన సంక్రాంతికి, అదే మా తై పండగప్పుడు కూడా పాత సంగతి తవ్వబోయాను. మంచం మీదనుంచే చెయ్యెత్తింది. చేతిలో అట్లకాడ లేదు, అంతే తేడా.

మంగళవారం నేను వెళ్ళేసరికి వాకిట్లో జనం ఉన్నారు. కాసేపటికి కారు వచ్చింది. మనిషెత్తు పూలమాలతో వాడు దిగాడు. జుట్టంతా తెల్లబడింది. అక్క కాళ్ళ దగ్గర మాల పెట్టి, బయటికి వచ్చి, అక్కడున్నవాళ్ళతో అరవంలో చెప్పాడు, ఆమె నాకు తల్లిలాంటిది, ఆమె దోసె తిని పెరిగినవాణ్ణి అని. తెలుగులో ఒక్క ముక్క అనలేదు. నేను అరుగు మీదనుంచి లేవబోయాను. సైకిలు షాపతను నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దురా. అక్క ఇంకా లోపలే ఉంది."

కూర్చున్నాను.

కాటినుంచి తిరిగి వస్తూ ఆ హోటలు పక్క సందులోనుంచి నడిచాను. పాత గోడ ముక్క ఒకటి జనరేటరు వెనక ఇంకా మిగిలి ఉంది. అక్క పొయ్యి ఆనుకున్న చోటు. ఏడాదికోసారి సున్నం కొట్టిస్తారు. ఎన్నిసార్లు కొట్టినా మసి పైకి తేలి వస్తుంది, పొయ్యినుంచి ఇప్పుడే పొగ లేచినట్టు. దాని ముందు కాసేపు నిలబడ్డాను. రోడ్డు మీద సేలం బస్సు హారను కొట్టింది. చెయ్యి పెట్టి చూస్తే గోడ ఎండకు వేడిగా ఉంది.

అక్క ఇప్పుడు లోపల లేదు. అట్లకాడ నావైపు తిప్పేవాళ్ళు ఎవరూ లేరు. పేరు పెడితే ఆ మనిషి వచ్చి పక్కన కూర్చున్నట్టేనని ఆమె అనేది. ఆ రోజు నిలబడే తిన్నావు. ఇప్పుడు కూచో, వరదరాజులూ. దోసె పోసేవాళ్ళు లేరు.