మందు రాయని తిత్తి, తప్పని విమానం

తలలో నీటి తిత్తి ఉన్న మనిషి విమానం ఎక్కవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం నేను కొన్ని వారాలు తిరిగాను. చివరకు దొరికినది రెండు మూడు వాక్యాలకు మించదు. అయితే అవి నా చెవిన పడే లోపల నేనూ నా కుటుంబమూ పడిన భయం చాలా పెద్దది. అందులో సగం మేము చేతులారా తెచ్చుకున్నది. ఈ మధ్య మా సూర్యాపేటలో స్కానింగ్ ఫిల్ము చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చి, "సార్, మీకు గూడ ఇదేనంట గదా" అని అడిగేవారు ఎక్కువయ్యారు. వారందరికీ గుమ్మంలో నిలబడి తలా ఒక ముక్క చెప్పడం కంటె, మొదటి నుంచి వరుసగా వ్రాసి పెట్టడం నా విధి అనుకుంటున్నాను.

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా విరమించినవాడిని. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ కార్యాలయాలలో, ఎడమ కాలువ వెంబడే, నా ఉద్యోగమంతా గడిచింది. ఫైలు ఉండవలసిన చోట ఫైలు, సంతకం ఉండవలసిన చోట సంతకం ఉండాలన్నది నా పద్ధతి. నా శరీరం కూడా ఆ పద్ధతిలోనే నడుస్తున్నదని నమ్మేవాడిని.

గత వర్షాకాలం చివరలో స్నానాల గదిలో కాలు జారి, తల వెనుక భాగం గోడకు తగిలింది. బొప్పి తప్ప మరేమీ లేదు. నా భార్య ఊరుకోలేదు. పట్టణంలోని ఒక దవాఖానలో స్కానింగ్ తీయించాము. డాక్టరు మా అమ్మాయి ఈడుది. ఫిల్మును వెలుగు పెట్టెకు తగిలించి చూసి, ఎడమ కణత దగ్గర చింతగింజ ఆకారంలో ఉన్న నల్లని మచ్చ మీద వేలు పెట్టింది.

"దెబ్బతోటి ఏం కాలేదు సార్. కానీ ఇక్కడ చిన్న నీటి తిత్తి ఉన్నది. పుట్టుకతోనే ఉండొచ్చు. క్యాన్సర్ గిట్ల ఏం కాదు. మెదడు పొరల మధ్య నీళ్లు నిలిచినయి, అంతే."

"చికిత్స ఏమిటి?" అన్నాను.

"ఏం వద్దు సార్. వచ్చే ఏడాది మళ్లొకసారి ఫోటో తీసి చూద్దాం."

"అయితే మందులు వ్రాయండి."

"దేనికి రాయాలె సార్?"

నా భార్య కుర్చీలో ముందుకు జరిగి, "బలానికన్న ఒక గోలీ రాయమ్మా" అని బతిమాలింది. ఆ అమ్మాయి నవ్వి, అన్నం తినమని చెప్పి పంపింది.

మా ప్రాంతపు రీతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఇక్కడ దవాఖాన నుంచి మందుల చీటీ లేకుండా ఇంటికి వచ్చిన మనిషిని చూస్తే ఎవరూ సంతోషించరు. పెద్ద దవాఖానల్లో చేసేదేమీ లేనప్పుడు అలాగే పంపుతారు. ప్రతి ఇంట్లోనూ అలా తిరిగి వచ్చినవారు ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు. చీటీ ఉంటే ఆశ ఉన్నట్టు. సూది కూడా వేస్తే ఇంకొంచెం ఆశ. నా చేతిలో ఏదీ లేదు. వారం తిరగకముందే బంధువులు బత్తాయిలు పట్టుకుని రావడం మొదలైంది. వచ్చినవారు నా ముఖంలోకి కాక కణత వైపు చూసేవారు. వెళ్లేటప్పుడు వంటింటి గుమ్మంలో నా భార్యతో గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఇంటి నిండా బత్తాయిల వాసన. ఇదంతా మూర్ఖత్వమని పైకి అంటూనే ఉన్నాను. కానీ మధ్యాహ్నం ఒంటరిగా పడుకున్నప్పుడు, ఆ డాక్టరమ్మ నవ్వు నన్ను చూసి జాలిపడి నవ్వినదేమోనని అనుమానం వచ్చేది.

అటువంటి రోజుల్లోనే మా అమ్మాయి ఫోన్ చేసింది. మాకు ఆలస్యంగా కలిగిన ఏకైక సంతానం. అల్లుడి ఉద్యోగం అండమాన్‌లో. తొలి కాన్పుకు పుట్టింటికి రావలసిన పిల్ల. మాయ కిందికి ఉన్నది, ప్రయాణం చేయకూడదని అక్కడి డాక్టర్లు కట్టడి చేశారట. అటు అత్తగారు లేరు. కనుక తల్లే అక్కడికి పోవాలి. నా భార్య సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు కూడా ఎన్నడూ ఒంటరిగా పోలేదు. వెంట పోవడానికి నేను తప్ప మరొకరు లేరు. పోవలసినది విమానంలో.

ఆ క్షణం నుంచి నాకు తిత్తి ఒకటే కాదు, ఆకాశం కూడా భయమైంది. కాలువ శాఖలో పనిచేసిన నాకు నీటి ఒత్తిడి అంటే ఏమిటో తెలుసుననుకున్నాను. వేములపల్లి వైపు ఒకసారి కట్ట తెగడం కళ్లారా చూశాను. మొదట కట్ట మీద చెమట పట్టినట్టు తడి. తర్వాత సన్నని ధార. తర్వాత మనిషి అరుపు కూడా వినబడని హోరు, దాని కింద ఈనిన వరి మొత్తం. మచ్చ ఉన్నచోట వేలు పెట్టుకుని, ఇక్కడ ఇంకా చెమటేనా, ధార మొదలైందా అని ఆలోచించేవాడిని.

మిర్యాలగూడ నుంచి మా బావమరిది వచ్చాడు. ఉప్పుడు బియ్యం మిల్లులో భాగస్తుడు. బాయిలర్ గురించి తెలిసినవాడు కనుక లోకంలో సమస్తమూ తెలుసునని అతని నమ్మకం.

"బావా, మా బాయిలర్ల నీళ్లే గదా ఉండేది. ముల్లు ఎర్ర గీత దాటిందనుకో, ఇగ ఎవడూ ఆడ నిలవడడు. నీ తలకాయల నీళ్లున్నయి. మీదికి పోయినంక ముల్లు ఏడికి పోతదో ఎవనికెరుక?"

"నా తల కింద మంట లేదు గదా" అన్నాను కోపంగా.

"మా అక్క ఉన్నది గదా బావా, మంటకు ఏం తక్కువ!"

వంటింట్లోంచి నా భార్య గొంతు వినబడింది. "నీ బాయిలర్ ముచ్చట ఆపి బత్తాయి తిను. ఆ నోట్ల ఏదన్న ఉంటే జర సప్పుడు తగ్గుతది."

అతను నవ్వి తిన్నాడు. ఆ ముల్లు మాత్రం నా మనసులో దిగబడిపోయింది. విశాఖపట్నం నుంచి ఓడ పోతుందని విన్నాను. ఆ మాట ఎత్తగానే నా భార్య, "మూడు నాలుగు దినాలు సముద్రం మీద తేలుకుంట పోతే, మనం దిగేటాళ్లకు పిల్ల కని, పేరు గూడ పెట్టుకుంటది" అని తేల్చివేసింది.

ఈ లోపల కోదాడ నుంచి మా అక్క కబురు పెట్టింది. వెళ్లాను. నన్ను చూడగానే కళ్లు ఒత్తుకుంది.

"ఏరా తమ్ముడూ, మందే రాయలేదంటగా! అదేం డాక్టరురా? మా వీధి చివర ఒకాయన ఉన్నాడు. ఎవరొచ్చినా ఉత్త చేతుల్తో పంపడు. పద."

నాకు చదువు ఉంది, నిబంధనలు తెలుసు, ఆ మనిషికి సరైన పట్టా ఉన్నదో లేదో అడగాలని కూడా తెలుసు. అయినా వెనుకనే నడిచాను. అతను ఫిల్మును తలకిందులుగా పట్టుకుని చూశాడు. ఒక సూది వేసి, చీటీకి రెండు వైపులా నింపాడు. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నప్పుడు నాకు కలిగిన ఊరటను నేటికీ వివరించలేను. బస్సులో సూర్యాపేట చేరే వరకు జేబు తడుముకుంటూనే ఉన్నాను. బతికే మనిషికే కదా మందులు వ్రాస్తారు!

గోలీలు వేసుకోవడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే తల తిరగసాగింది. పొద్దున లేవగానే గోడ పట్టుకోవలసి వచ్చేది. పత్రికలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. మాట కూడా తడబడింది. అంతా తిత్తి పనేనని నిశ్చయించుకున్నాను. నేల మీద ఉండగానే ఇలా ఉంటే మేఘాల పైన ఏమవుతుంది? బీరువా తాళాలు ఎక్కడ ఉంటాయో, పెన్షను కాగితాలు ఏ సంచిలో ఉన్నాయో నా భార్యకు ఒక సాయంత్రం చెప్పడం మొదలుపెట్టాను. ఆమె వింటూ వింటూ లేచి నిలబడింది.

"మీరు రాకుంటే మానె, నేనొక్కదాన్నే పోత. విమానంల తప్పిపోతనా ఏంది, ఆడ సందులున్నయా, గల్లీలున్నయా? నా బిడ్డ ఒక్కతె ఉన్నదాడ." కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ అన్నది. "కానీ మిమ్ముల గిట్ల ఇడిసి పోతే నాకు ఆడ మనసు నిలుస్తదా?"

అమ్మాయి దగ్గరకు తల్లి పోవడమా, నా దగ్గర భార్య ఉండిపోవడమా అన్న చోటికి వచ్చింది వ్యవహారం. అది నేను భరించలేకపోయాను.

ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి మిర్యాలగూడకు వచ్చి చూసే నరాల వైద్యుడు ఒకరున్నారు. బావమరిదే పేరు వ్రాయించి తీసుకుపోయాడు. వైద్యుడు నన్ను గీత మీద నడిపించాడు, కళ్లలోకి లైటు వేసి చూశాడు, ఫిల్ము చూశాడు. ఆ తర్వాత నేను బల్ల మీద పెట్టిన గోలీల సంచిని చూసి ముఖం ముడిచాడు.

"ఇవెవరిచ్చిన్రు?"

కోదాడలో మా అక్క వీధిలో ఒకాయన అని గొణిగాను.

"దీంట్ల రెండు నిద్రకు సంబంధించినయి సార్. మీకు తల తిరిగేది వీటితోటి. తిత్తి ఏం చేస్తలేదు. ఇవెట్ల ఆపాలెనో నేను రాసిస్త, ఒక్కసారే మాత్రం పారేయకుండ్రి."

విమానం సంగతి అడిగాను. కట్ట, చెమట, ధార అన్నీ చెప్పాను. బావమరిది బాయిలర్ అందుకోబోతే ఆయన చేయి అడ్డు పెట్టాడు.

"పైకి పోతే ఉబ్బేది గాలి సార్. నీళ్లు ఉబ్బవు. మీ తిత్తిల గాలి లేదు. ఇన్నేండ్లు మీతోటే ఉన్నది, మీకు ఏ ఇబ్బంది పెట్టలే. పోయి రాండ్రి. తలనొప్పి విపరీతంగ లేచి వాంతులైనా, చూపు తగ్గినా, ఫిట్స్ వచ్చినా అప్పుడు ఆగొద్దు, దవాఖానకు పోవాలె. అది నేల మీద గూడ అంతే."

"ఏమీ కాదని వ్రాసి ఇవ్వగలరా?"

"నేను రాత్రికి ఇల్లు చేరుత అని నాకే నేను రాసిచ్చుకోలేను సార్" అని ఆయన గంట కొట్టి తర్వాతి వారిని పిలిచాడు.

మందు ఆపిన కొద్ది రోజుల్లో తల తిరగడం తగ్గింది. అక్షరాలు వాటి వాటి చోట్లకు వచ్చాయి. భయం మాత్రం పోలేదు. నీళ్లు ఉబ్బవన్న మాట నా చదువుకు అర్థమైంది, నా కణతకు అర్థం కాలేదు. అయినా టిక్కెట్లు తీయించాను.

శంషాబాద్‌లో విమానం పరుగు అందుకున్నప్పుడు వీపు కుర్చీకి అతుక్కుపోయింది. కళ్లు మూసుకుని, నడిచిన కాలువల తూముల పేర్లు వరుసగా చెప్పుకోసాగాను. కుడిచేయి కణత మీదనే ఉంది. పైకి పోయిన తర్వాత ఏమీ కాలేదు; ఆ ఏమీ కాకపోవడం కూడా నన్ను భయపెట్టింది. దిగేటప్పుడు అసలు పరీక్ష వచ్చింది. చెవులు మూసుకుపోయి, నుదుటిలో ఒక పోటు లేచింది. ధార మొదలైందనుకున్నాను. నా భార్య చేయి గట్టిగా పట్టుకుని, "తలలో ఏదో అవుతున్నది" అన్నాను.

ఆమె మూతి వంకరగా తిప్పి, ఒక చెవిలో చిటికెన వేలు ఆడిస్తూ నా వైపు చూసింది.

"నాకు గూడ రెండు చెవులు మూసుకున్నయి, నొసలు గుంజుతున్నది. మరి నా తలల గూడ తిత్తి ఉన్నదా? గా ముందున్న పిల్లగాడు గూడ ఏడుస్తున్నడు సూడుండ్రి. గుటక మింగుండ్రి."

మింగాను. కాసేపటికి చెవులు టప్పున తెరుచుకుని, అందరి మాటలూ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. కిటికీలో నీలం నీళ్లు, వాటి అంచున నేల కనబడ్డాయి. నా చేయి మాత్రం దిగే వరకు ఆమె చేతిలోనే ఉంది.

అమ్మాయికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. నా భార్య దవాఖానలో మా అమ్మాయి పక్కనే ఉన్నది. మేము పోయినది అందుకే. తిరుగు ప్రయాణంలోనూ భయపడ్డాను. వచ్చే వర్షాకాలం మళ్లీ ఫోటో తీయించాలి. ఆ రోజు సమీపిస్తున్న కొద్దీ నిద్ర పలుచబడుతున్నది. తిత్తితో బతకడం నేర్చుకున్నానని నేను చెప్పలేను. భయపడుతూనే టిక్కెట్టు తీయవచ్చునని మాత్రం తెలిసింది.

నేను వైద్యం చదివినవాడిని కాను. వైద్యులు చెప్పినదాన్ని నా భాషలోకి మార్చుకునేటప్పుడు పొరపడి ఉండవచ్చు. నాకు వర్తించినది మరొకరి తిత్తికి వర్తించకపోవచ్చు కూడా. ఇందులో తప్పుగా చెప్పినది ఏదైనా చదువరుల కంట పడితే మర్యాద కోసం మౌనం వహించవద్దు. ఏ వాక్యం తప్పో, ఎందుకు తప్పో విడమరచి చెప్పండి. దాన్ని చదివి మరొకరు ఇటో అటో నిర్ణయించుకునే లోపలే సరిదిద్దుతాను.