చాచా పర్సోం వేసిన అతుకు

మా ఆవిడ నన్ను అనుమానాల పుట్ట అంటుంది. ఇంటికి తాళం వేసి మధురానగర్ బస్టాపు దాకా వచ్చాక, మళ్లీ వెనక్కి వెళ్లి తాళం లాగి చూసొచ్చే మనిషిని. ఆ మాట కాదనలేను. ఉద్యోగం కూడా నాకు తగ్గదే దొరికింది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జాతర జోరుగా సాగుతున్న రోజులవి. అక్కడ ఒక కోచింగ్ సెంటర్లో టెస్టింగ్ పాఠాలు చెప్పేవాణ్ని. శుభ్రంగా నడుస్తున్న ప్రోగ్రాం ఎక్కడెక్కడ చెడిపోవచ్చో వెతకడం ఎలాగో రోజుకు మూడు బ్యాచ్‌లకు నేర్పేవాణ్ని. నా ముందు కూర్చున్న పిల్లలందరికీ మూడు నెలల్లో ఉద్యోగం కావాలి. నాకు మాత్రం ఒక చాసీ కావాలి.

ఎందుకో చెబుతాను. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఉబ్బసం. ఇంట్లో ఉన్నంతసేపు బాగానే ఉండేది, పరాయి పరుపు మీద పడుకుందంటే ఆయాసం మొదలయ్యేది. తనకు ఐదేళ్లప్పుడు ఒక కొండ ఊరు చూడబోయి లాడ్జిలో దిగాం. దుప్పటి మాదే వేశాం. అయినా ఆ పరుపులో ఏ కాలం నాటి దుమ్ముందో, తెల్లారేసరికి పాప డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆసుపత్రి దొరికేదాకా ఆ డొక్కల మీద చెయ్యి వేసుకుని ఆటోలో కూర్చున్నాను. ఆ తర్వాత మూడేళ్లు మేం ఎక్కడా రాత్రి ఉండలేదు. చుట్టాల పెళ్లిళ్లకు కూడా పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయడమే. స్కూల్లో ‘నేను చూసిన ఊరు’ అని వ్యాసం రాయమంటే పంజాగుట్ట గురించి రాసింది. సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగాలో, అక్కడ ఏమేం అమ్ముతారో పూసగుచ్చినట్టు రాసింది. టీచరు గారు ‘చాలా బాగుంది’ అని ఎర్ర సిరాతో రాశారు. ఆ కాగితం మడిచి నా పర్సులో దాచుకున్నాను.

ఒకరోజు నెట్ సెంటర్లో ఇంకేదో వెతుకుతుంటే, ఎవరో విదేశీ పెద్దాయన తన పెరట్లో చేసుకున్న బండి ఫోటోలు కనిపించాయి. నీటిబొట్టును పక్కకు పడుకోబెట్టినట్టు, ముందు గుండ్రంగా, వెనక సన్నంగా ఉంది. లోపల ఒక పరుపు పట్టేంత చోటు. వెనక మూత ఎత్తితే చిన్న వంటిల్లు. కారు వెనక తగిలించుకుని ఎక్కడికైనా పోవచ్చు. మన పరుపు, మన దుప్పటి, మనం తుడిచిన గోడలు. నేను గబగబా ఇంటికొచ్చి మా ఆవిడకు బొమ్మ గీసి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, దానికి ‘చక్రాల పెట్టె’ అని పేరు పెట్టింది. నవ్విందే కానీ వద్దనలేదు. దుమ్ము దూరని పరుపు గలీబు తనే కుట్టడం మొదలుపెట్టింది.

గలీబు తయారైంది. ప్లైవుడ్ షీట్లు వచ్చి హాల్లో సోఫా వెనక నిలబడ్డాయి. కింద ఉండాల్సిన చాసీ మాత్రం ఎనిమిది నెలలైనా తేలలేదు. చాసీ అంటే చక్రాల మీది ఇనుప చట్రం. మిగతా బండి ఎంత అందంగా ఉన్నా భారమంతా దానిదే. చట్రం ముందు నుంచి ఒక కడ్డీ వచ్చి మా పాత జీపుకు తగులుకుంటుంది. ఆ కడ్డీ విరిగితే అంతా విరిగినట్టే. నడిచే బండిలో పాపను కూర్చోబెట్టబోమని నాకు తెలుసు. అయినా కళ్లు మూసుకుంటే చాలు, ఘాటు రోడ్డు మీద ఆ పెట్టె ఊడిపోయి, వెనక స్కూటర్ మీద వచ్చే ఎవరి మీదికో దొర్లుకుంటూ పోవడం కనిపించేది. అది చూసి పాప భయపడిందా, ఇక జన్మలో ఇల్లు కదలదు. నాకు దొరికేది ఒక్క అవకాశమే అనిపించేది.

మొదట బాలానగర్ వైపు ఒక షెడ్డులో కొత్త చాసీ చూశాను. పైపులతో చేసింది, తళతళలాడుతోంది, కానీ వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగింది. తర్వాత ఒక ట్రాక్టర్ ట్రాలీ చూశాను. దాన్ని లాగాలంటే మా జీపు ప్రాణం పోవాల్సిందే. మూడోది పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందులో, అందరూ చాచా అని పిలిచే ఒక పెద్దాయన వెల్డింగ్ షాపులో ఉందని తెలిసింది. ఒకప్పుడు ఫంక్షన్ హాళ్లకు జనరేటర్ మోసిన చాసీ అది. దిట్టమైన ఇనుము, కుదుపులు ఆపడానికి లారీలకు ఉన్నట్టు కమాన్ పట్టీలు. అన్నిటికీ మించి పాత రిజిస్ట్రేషన్ కాగితాలు ఉన్నాయి. శుక్రవారం ఫోన్ చేసి వస్తానని చెప్పాను. ఆదివారం వెళ్లాను.

చూడగానే నచ్చింది. రెండుసార్లు చుట్టూ తిరిగి, మూడోసారి వంగి చూస్తే, లాగే కడ్డీ మొదట్లో, రంగు కింద ఉబ్బెత్తుగా ఒక అతుకు కనిపించింది. ఇదేంటండీ అని అడిగాను.

చాచా చేతి తొడుగు తీసి, ఆ అతుకు మీద అరచేయి వేశారు. “గది పర్సోం పగిలింది సార్. అప్పుడే పట్టీ ఏసి వెల్డింగ్ కొట్టిన. ఏం ఫికర్ లేదు.”

పర్సోం అంటే మొన్న. మా ఊళ్లో హిందీ పరీక్షలు వరసపెట్టి పాసైనవాణ్ని, ఆ మాత్రం నాకు తెలుసు. ఆదివారానికి మొన్న అంటే శుక్రవారం. నేను ఫోన్ చేసింది శుక్రవారం. అంటే నేను వస్తున్నానని తెలిశాక, విరిగిన కడ్డీని అతికించి, రంగు పూసి నిలబెట్టారన్నమాట. పైగా ఆయన అది దాచకుండా, నవ్వుతూ నా మొహం మీదే చెబుతున్నారు. నా భయానికి కోపం తోడైంది.

“ఇది మా పాప పడుకునే బండి చాచా. మొన్న అతికించిన దాన్ని నేను నమ్మలేను,” అన్నాను. పాప ఉబ్బసం సంగతీ, లాడ్జి సంగతీ, ఎందుకో అవన్నీ కూడా చెప్పేశాను, తప్పంతా ఆయనదే అన్నట్టు.

ఆయన వాదించలేదు. అరచేయి ఆ ఇనుము మీద నుంచి తీసి, “మీ మర్జీ సార్,” అన్నారు. అంతే.

ఇంటికొచ్చి బాలానగర్ చాసీయే ఖాయం అన్నాను. మా ఆవిడ గలీబుకు జిప్పు కుడుతూ, దాన్ని వేలితో కొట్టి చూశారు కదా అంది. సోమ, మంగళవారాలు క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు. బోర్డు మీద చాసీ బొమ్మ గీసి, చూసుకుని చెరిపేశాను.

బుధవారం మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు విప్పాం. పక్క గదిలో జావా చెప్పే మిత్రుడు ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. పర్సులో ఏదో కాగితం కోసం వెతుకుతుంటే ఒక ఫోటో బయటపడింది. మురిసిపోతూ నా ముందు పెట్టాడు.

“పర్సోం నా పెండ్లిల దిగింది. చూడన్నా, ఎంత సన్నగుంటి.”

అతని కొడుకు అయిదో క్లాసు చదువుతున్నాడు. ముద్ద బాక్సులో వదిలేశాను. పర్సోం అంటే మొన్న కదా అని అడిగాను. అతను నవ్వి, “పుస్తకాల్ల మొన్ననే అన్నా. మాకు గడిచిపోయిందంతా పర్సోమే. పదేండ్లైనా గంతే,” అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. ఆ అతుకు పడింది మొన్న కాదు. ఎన్నేళ్ల కిందటో. అప్పటినుంచి అంత బరువున్న జనరేటర్‌ను ఊరంతా మోసింది. ఊళ్లో అంతకంటే గట్టిగా పరీక్షకు నిలిచిన అతుకు ఇంకొకటి ఉంటుందా? పరీక్షలు చేయడం బతుకుతెరువుగా ఉన్న నేను, ఒక ముసలాయన్ని మోసగాడన్నట్టు మాట్లాడి వచ్చాను. సాయంత్రం బ్యాచ్ మిత్రుడికి అప్పగించి షేర్ ఆటో ఎక్కాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగాలో మా పాప రాసింది సరిగ్గా నిజం. ఆ చాసీ ఈపాటికి ఎవరో కొనేసి ఉంటారనీ, ఉన్నా చాచా నాకు అమ్మరనీ, రెండు భయాలూ వంతులేసుకుని నన్ను తిన్నాయి.

చాసీ ఉంది. చాచా నన్ను చూసి స్టూలు జరిపారు. నేను కూర్చోకుండానే తప్పు ఒప్పుకున్నాను. పర్సోం కథంతా చెప్పాను. ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. తన పెద్ద కూతురి పెళ్లికి ముందు వేసిన అతుకట అది. ఆ కూతురి పిల్లలిప్పుడు స్కూలుకు పోతున్నారట. హాయిగా ఊపిరి పీల్చుకుని, ఆ అతుకును ఇంకోసారి చూద్దామని వంగాను.

అతుకు లేదు. కడ్డీయే లేదు. దాని చోట ఇంకా రంగు వెయ్యని కొత్త కడ్డీ ఉంది. వెల్డింగ్ గీత తాజాగా మెరుస్తోంది.

“మీరు బిడ్డ పండుకుంటదన్నరు,” అన్నారు చాచా. “అప్పటిసంది నాకు సుత మనసున పట్టలే. మీరు కొనకున్నా సరే అనుకున్న. కోసేసి కొత్తది ఏసిన.”

ఎప్పుడని అడిగాను.

“పర్సోం,” అని, నా వైపు వేలు చూపించారు. “మీ పర్సోం సార్. మా పర్సోం గాదు. సోమారం.”

ఏళ్ల తరబడి నిలిచిన అతుకును నా నోటి దురుసుతో పోగొట్టుకుని, నిజంగానే మొన్న పడిన అతుకు ముందు నిలబడ్డాను. ఇది ఏ బరువూ మోయలేదు. ఎవరూ పరీక్షించలేదు. ఎంత భయపడాలో అంతా భయపడ్డాను. కానీ ఈసారి నాకంటే ముందే ఇంకొకరు భయపడి, మిగతా పని మానుకుని దీని మీద కూర్చున్నారు. నేనూ ఆ ఇనుము మీద అరచేయి వేసి, ఇదే తీసుకుంటానన్నాను.

పెట్టె తయారై, అనంతగిరి కొండలకు బయలుదేరిన రోజు, దారిలో పదకొండుసార్లు జీపు ఆపి అతుకును తడిమి చూశాను. మా ఆవిడ లెక్కపెట్టింది. పన్నెండోసారి ఆపబోతే తనే దిగి చూసొచ్చింది. మర్నాడు తెల్లారాక, ఆ గూట్లో మా ఇద్దరి మధ్య పడుకున్న పాప డొక్క మీద చెయ్యి వేసి చూశాను. నెమ్మదిగా లేస్తోంది, నెమ్మదిగా దిగుతోంది. నిద్ర లేస్తుందేమోనని చెయ్యి తియ్యలేదు. ఏడ్చాను కూడా.

మా అమ్మాయి ఇప్పుడు పెద్దదైంది. ఈ ఊరి మాటే మాట్లాడుతుంది. ఈమధ్య ఎవరితోనో ఫోన్లో చెబుతుంటే పక్క గదిలోంచి విన్నాను. “పర్సోం మేం కొండ మీద మా బండిల పండుకున్నం. నాకు మళ్ల ఆయాసం రాదని గప్పుడే నమ్మిన.”

ఎన్నేళ్లయిందో లెక్క వేయబోయి మానేశాను. నాకూ అది పర్సోమే.