తలగడ గలేబు

కువైట్‌లోని హవల్లిలో మూడో అంతస్తు ఇంట్లో పుష్పలత పని అబూ మునీర్‌ను కనిపెట్టుకుని ఉండడం. ఆయన పాలస్తీనావాడు. రిటైరైన బడి అయ్యవారు, కవి. ఆరేళ్ళ వయసులో ఊరు విడిచిన మనిషికి ఎనభై దాటాయి. ఇంటి పెత్తనం కోడలిది. అక్కడి పనివాళ్ళ అలవాటు ప్రకారం ఆమెను పుష్పలత మామా అని, ఆయన్ని బాబా అని పిలిచేది.

ఆయన రాసింది పైకి చదివేవాడు. పుష్పలతకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలకు సగమే అందేది.

"మొదట ఇల్లు పోయింది. తర్వాత ఇంటికి పోయే దారి పోయింది. ఇప్పుడు దారి అడుగుదామంటే మనిషి లేడు" అని చదివాడు ఒకరోజు.

తన ఊరూ రిజర్వాయరులో మునిగిందని, ఎనిమిదో తరగతి అక్కడే ఆగిపోయిందని ఆమె బెరుగ్గా చెప్పింది. ఎండలకు నీళ్ళు తగ్గితే బడి గోడ బయటపడుతుందంది. నీదే నయం, పోయి చూసుకోవచ్చు అన్నాడాయన.

రంజాన్ ముందు ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. పక్కింట్లో పనిచేసే కడప చిన్నక్క మెట్ల మీద నవ్వింది. "రోంత నూనె పెట్టి నెత్తి మర్దనా చెయ్యిమే. మందుబిళ్ళలేం చేస్తాయి ఆయప్పకు?"

పుస్తకాల వెనక చీటీ లేని సీసా ఉంది, అడుగున కాస్త నూనెతో. పుష్పలత ఊళ్ళో ముసలివాళ్ళు తలనూనె మంచం దగ్గరే పెట్టుకుంటారు. ఇదీ అదే అనుకుంది. ఉన్నదంతా వంచి మాడుకు పట్టించింది.

ఆయన ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళు తెరవకుండానే, ఎక్కడిదీ నూనె అని అడిగాడు. ఆమె చెప్పింది. అప్పుడు ఆయన ఆ సీసా సంగతి చెప్పాడు.

అది ఆయన చెల్లెలి తోటలోని ఆలివ్ నూనె. పాలస్తీనాలోనే ఉండిపోయిన ఆ చెల్లెలు ఏటా ఎవరో ఒకరి సామానులో పంపేది. కిందటేడు చెట్లను బుల్డోజర్లు పెకలించాయి. ఆ చలికాలమే ఆమె పోయింది. మూత తీసి వాసన చూస్తే గానీ ఆయనకు కవితలో ఒక్క పాదం కదిలేది కాదు. అందుకే ఒక్క చుక్కా తినలేదు.

ఆయన తిట్టలేదు. తెల్లారాక, తలగడ గలేబు మాత్రం ఉతకొద్దన్నాడు. పది రోజులు పొద్దున్నే దానిలో ముఖం పెట్టి, లేచి రాసుకున్నాడు.

శుక్రవారం, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మామా దుప్పట్లు మార్చడానికి వచ్చింది. పచ్చటి మరక చూసి ముఖం చిట్లించి గలేబు ఊడదీసి పుష్పలత చేతిలో పెట్టింది. వద్దు మామా అంటే చాలు. పుష్పలత అనలేకపోయింది. యల్లా, త్వరగా కానీ అంది మామా. మిషన్ తిరిగింది.

ఆయన బాల్కనీలో తీగ మీది గలేబును వాసన చూశాడు. సబ్బు.

"ఖలాస్, అయిపోయింది" అన్నాడు. చేరగిలబడి కూర్చుని అడిగాడు. "మీ బడి గోడ ఎప్పుడు కనబడుతుంది, బిడ్డా?"

రిజర్వాయరు కట్ట ఎత్తు పెంచారని, ఇక గోడ బయటపడదని వాళ్ళమ్మ ఫోనులో చెప్పి వారమైంది.

"మే నెలలో, బాబా" అంది పుష్పలత.