ఇయర్‌ఫోన్లలోంచి వచ్చిన గాలి

గోళ్ళకు నల్లరంగు, పుర్రె బొమ్మ ఉన్న నల్ల బనియన్, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇంటర్ మొదటి సంవత్సరం ముగించుకుని మా అక్క కూతురు కర్నూలు హాస్టల్ నుంచి పత్తికొండకు వచ్చిన తీరు ఇది. ఆ పిల్ల వినేది మెటల్ అనే రకం సంగీతమట. గొంతు చించుకునే అరుపు, దాని వెనక రేకు డబ్బాలు దొర్లించిన మోత. హాస్టల్లో అరడజను మంది జట్టుగా అదే వింటారట, అట్లాగే ముస్తాబవుతారట.

వేషం సంగతి ఎట్లున్నా, పిల్ల సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. "నేను లేకపోతే మీకే హాయి" అని ఒకరోజు తల్లితో అన్నది. అక్క హడలిపోయి నాకు ఫోన్ చేసింది.

నేను పోయేసరికి ఇంట్లో తీర్పు అయిపోయింది.

"గాలి సోకిండాదిరా పాపకు. ఆ చెవుల్లో పెట్టుకొనే దాంట్లోంచే దూరిండాది," అన్నది అక్క. "మహానందికి పిల్చుకపోయి కోనేట్లో ముంచుకొని, అంత్రం తాయెత్తు కట్టిచ్చుకొని వస్తాం."

"గాలీ లేదు, గీలీ లేదు. చదువుకున్న ఇంట్లో ఇదేం మాట?" అని విరుచుకుపడ్డాను.

"ఏమప్పా, నువ్వు ఆ హేతువాద సభల్లో మాట్లాడేది ఈడ పనికిరాదు," అన్నాడు బావ. "గాలి కాకుంటే ఏంది మరి? నువ్వే చెప్పు."

"ఆ పాటలు," అన్నాను ఠకీమని. పిల్ల ఫోను, ఇయర్‌ఫోన్లు లాక్కుని నా సంచిలో వేసుకున్నాను. అక్కడితో ఆగానా? యువతను కాటేస్తున్న రొద మీద ఒక వ్యాసం మొదలుపెట్టి, సాయంత్రానికి నాలుగు పేజీలు నింపాను.

మిద్దె మీద రాసుకుంటుంటే పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మామా, కోడి కూసినందుకు తెల్లారదని సభల్లో చెప్తావు కదా?"

"చెప్తాను."

"నాకు దసరా నుంచే నిద్ర రాలా. ఈ పాటలు దొరికింది శివరాత్రికి. ఇప్పుడు చెప్పు, ఏది ముందు?"

రాస్తున్న కలానికి మూత పెట్టాను.

"అమ్మకు గాలి, నీకు పాట. రెండూ చెవిలోంచి దూరినేవే. ఇద్దరిలో ఒక్కరన్నా నన్ను అడిగినారా?"

"అడుగుతున్నాను. చెప్పు."

"లోపల శానా బరువుగా ఉండాది మామా. ఎందుకో నాకే తెలీదు. నేను అరిస్తే ఈ ఇంట్లో ఊరుకోరు. ఆ పాటలోళ్ళు నా బదులు అరుస్తాండారు, అంతే."

చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. అయినా అడిగాను. అప్పుడప్పుడు అనిపిస్తుందన్నది. ఆ మాట నాకు చెప్పినందుకు మంచి పని చేశావన్నాను. ఫోను తిరిగి ఇచ్చేశాను. నాలుగు పేజీలూ చించేశాను. దయ్యాన్ని ఒక ఇంట్లోంచి వెళ్ళగొట్టి ఇంకో పేరుతో పక్కింట్లో కూర్చోబెట్టడం హేతువాదం కాదు, సోమరితనం.

మరునాడే కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకుపోతానన్నాను. బావ లేచి వాకిలికి అడ్డం నిలబడ్డాడు.

"మా ఇంటి బిడ్డను పిచ్చాసుపత్రికా? ఊరంతా ఏమనుకుంటాది? రేపు సంబంధాలొస్తాయా?"

"బిడ్డ ఉంటే కదా బావా సంబంధాలు!"

ఆ మాట మొరటుదే. ఇప్పుడైనా అదే అంటాను. బావ పక్కకు తప్పుకున్నాడు. ఆ రాత్రంతా అక్క పిల్ల పక్కనే పడుకుని, ఒక్కదాన్నే ఉండనివ్వలేదు.

డాక్టరమ్మ మొదట అడిగింది పుర్రె బొమ్మ గురించి కాదు, నిద్ర గురించి. పిల్లతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. ఇది జబ్బేనని, నయమవుతుందని, పాటలు మాన్పించొద్దని నాకు చెప్పింది. పదిహేను రోజులకు మళ్ళీ రమ్మన్నది. పిల్ల ఒక్కసారిగా కోలుకోలేదు. కానీ మూడో వారంలో అడిగి మరీ రెండో రొట్టె పెట్టించుకుంది. ఆ అరుపులు నాకు ఇవాళ్టికీ నచ్చవు. నచ్చకపోవడం రోగనిర్ధారణ కాదు.

ఆసుపత్రికి రెండోసారి పోయినప్పుడు అక్క కూడా వచ్చింది. చీటీలు రాసే కిటికీ దగ్గర గుమస్తా తలెత్తకుండానే "ఏం జబ్బు?" అన్నాడు. వెనక వరసలో జనం, అందులో మా ఊరివాళ్ళు ఇద్దరు. తలనొప్పి అంటుందేమో అనుకున్నాను. అక్క కొంగు సవరించుకుని, వరస చివరిదాకా వినపడేట్టు చెప్పింది:

"నా కూతురికి మనసు బాగలేదు. అట్లే రాయప్పా."