చేతుల టీచరు తప్పు దిద్దుకున్న తీరు

ఆ సైన్సు టీచరుని పిల్లల తల్లిదండ్రులు ‘చేతుల టీచరు’ అనేవారు. ఆవిడ బ్లాగు నిండా తరగతి ఫొటోలే, కానీ ఒక్కదాంట్లోనూ పిల్లల మొహం కనిపించదు. గరాటు పట్టుకున్న చేతులు, అయస్కాంతానికి గుండుసూదులు అంటిస్తున్న చేతులు, అంతే.

“మా అమ్మాయి మొహం పెడితే మీ సొమ్మేం పోతుందండీ?” అని బట్టలు కుట్టే ఒకావిడ నిలదీసింది.

“పెద్దయ్యాక తనకిష్టమైతే తనే పెట్టుకుంటుందిలెండి,” అని నవ్వేశారు టీచరు.

అంత జాగ్రత్త మనిషీ ఒకసారి ఇరుక్కున్నారు. నీళ్ళ పళ్ళెంలో కొవ్వొత్తి వెలిగించి పైన గాజుగ్లాసు బోర్లిస్తే, మంట ఆరి గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. మంట ఆక్సిజన్‌ని తినేసింది కాబట్టి ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయని ఆవిడ బ్లాగులో రాశారు. చిన్నప్పుడు తనకలాగే చెప్పారు మరి. ముక్కూమొహం తెలియని ఒకాయన ఆ పోస్టు కింద, “శుద్ధ తప్పు. ఇలాంటివాళ్ళా టీచర్లు?” అని ఏకిపారేశాడు. సాయంత్రానికల్లా ఆ మాట తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది.

టీచరు తమ్ముడు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“అక్కా, ముందా పోస్టు తీసెయ్. లేదా వాడికి నాలుగు తగిలించు!”

ఆవిడ ఘాటుగా జవాబు టైపు చేశారు కూడా. చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ ఒకసారి చదువుకుని, చెరిపేశారు.

“తీసేస్తే తప్పు పోతుందట్రా? అసలు తప్పో కాదో చూడనీ.”

మర్నాడు తరగతిలో సంగతంతా దాచకుండా చెప్పి, పళ్ళేలు, కొవ్వొత్తులు, గ్లాసులు పిల్లల ముందు పెట్టారు.

“టీచర్, బోర్లిస్తుంటే గ్లాసు కింద నుంచి బుడగలొచ్చాయి!” అని ఒక పిల్ల కేకేసింది.

“మంట ఉన్నంతసేపూ నీళ్ళు కదల్లేదు. ఆరాకే గబుక్కున ఎక్కాయి,” అంది పక్కపిల్ల.

అప్పుడు టీచరుకి వెలిగింది. వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయింది. మిగిలింది చల్లారి కుంచించుకునేసరికి నీళ్ళు ఎక్కాయి.

పాత పోస్టు అలాగే ఉంచి, దానిపైన రాశారు: “ఇది తప్పు. ఎందుకు తప్పో మా పిల్లలు కనిపెట్టారు.” తిట్టినాయనకి, “మీ మాట కటువుగా ఉంది, విషయం మాత్రం నిజం. థాంక్సండీ,” అని జవాబిచ్చారు. గ్రూపులో వాదన పెట్టుకోకుండా ఆ పోస్టు లింకు మాత్రం పెట్టారు.

బట్టలు కుట్టే ఆవిడ ఇంట్లో చేసి చూసి, “నిజమే, బుడగలొచ్చాయి!” అని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. తిట్టిన ఆ పెద్దమనిషీ బ్లాగుకి తిరిగొచ్చి, “అలా అనకుండా ఉండాల్సింది,” అని రాశాడు.

“భయం వెయ్యలేదా?” అని అడిగారు స్టాఫ్‌రూమ్‌లో లెక్కల టీచరు.

“వెయ్యకేం! ఆ పూట ముద్ద దిగలేదు. కానీ పిల్లలు బుడగలు చూసి అరుస్తుంటే, తప్పు నాదన్న సంగతే మర్చిపోయాననుకోండి.”