ఓడచెక్క పెళ్ళిపీటలు

మొన్న మా మనవరాలు సుంగై పెటాని నుంచి ఫోన్ చేసి, తన పెళ్ళికి మన ఇంటి పీటలే కావాలనీ, వాటి ఓడ కథ నేనే చెప్పాలనీ, దాన్ని వీడియో తీయించుకుంటాననీ సగం తమిళంలో, సగం మన మాటలో గారాలు పోయింది. సరేనన్నాను గాని, ఫోన్ పెట్టేశాక మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళయినా ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

మన ఈడువాళ్ళకి చెబితే అర్థమవుతుంది. మా నాన్నమ్మకి తాత ఈ మలయ్ దేశానికి వలస వచ్చి, జార్జ్ టౌన్ రేవులో పాత ఓడలు విప్పే చోట పనిచేసేవాడట. ఒక ముసలి యుద్ధనౌకని విప్పినప్పుడు, అందులో టేకు చెక్క అడిగి తెచ్చుకుని రెండు పెళ్ళిపీటలు చేశాడు. అప్పటినుంచీ మా ఇంట ఏ పిల్ల పెళ్ళయినా, ముందురోజు సాయంత్రం ఇంటి పెద్దావిడ ఆ పీటలకి పసుపు రాస్తూ ఓడ బతుకంతా చెప్పాలి. తక్కిన తెలుగువాళ్ళు నవ్వేవారేమో తెలియదు, మాకు మాత్రం అది లేనిదే పెళ్ళి మొదలైనట్టు కాదు.

నాన్నమ్మ చెబుతుంటే ఓడ కళ్ళకు కట్టేది. మూడు స్తంభాలు, వాటి నిండా తెరచాపలు, రెండు పక్కలా ఫిరంగులు. తుఫానులో నడిమి స్తంభం విరిగితే మిగిలిన రెంటితోనే రేవు చేరిందట, సముద్రపు దొంగల్ని తరిమిందట, పొగ ఓడలొచ్చాక స్తంభాలు పీకేసి బొగ్గు కొట్టుగా రేవులో కట్టేస్తే ఏళ్ళ తరబడి మసి మోసి చివరికి చెక్కలైపోయిందట. పెళ్ళికూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఈ సెక్క సముద్రంలోనే నాననేదు, నీ ఏడుపుకి నానుద్దేటి?" అని నవ్వించేది.

నా పెళ్ళి ముందురోజు ఎదురింటి మలయ్ ఆవిడ కూడా వచ్చి పీటలకి పసుపు రాస్తోంది. ఆవిణ్ణి మక్‌చిక్ అనేవాళ్ళం, మన పిన్ని అన్నట్టే. ఒకరి భాష ఒకరికి సగమే తెలిసినా, నాన్నమ్మకి ఆవిడంటే ప్రాణం. నా పెళ్ళి రవికలన్నీ కుట్టింది ఆవిడే. బళ్ళో నేర్చిన నా మలయ్ చూపించుకోవాలని, నాన్నమ్మ చెప్పేదంతా ఆవిడకి తిప్పి చెప్పడం మొదలుపెట్టాను. ఉత్తరాన ఏటి మొగ దగ్గర ఒక ఊరు దొరల మాట వినకపోతే, ఈ ఓడ ఒక్క పూటలో ఫిరంగులతో తగలబెట్టేసిందన్న ముక్క వచ్చేసరికి హుషారెక్కి, ఊరి పేరుతో సహా చేతులు తిప్పుతూ మరీ చెప్పాను.

ఆవిడ పసుపు గిన్నె కింద పెట్టింది. నా చెవి దగ్గరికి వంగి, మలయ్‌లో మెల్లగా అంది.

"అది మా అమ్మమ్మ వాళ్ళ ఊరమ్మా. పసిపిల్లగా ఉన్న ఆవిణ్ణి చంకనేసుకుని వాళ్ళ అమ్మానాన్నలు ఆ మంటల్లోంచి పారిపోయి వచ్చారు. మీ నాన్నమ్మకి చెప్పకేం, రేపు పెళ్ళి."

అని, రెండో పీట దగ్గరికి లాక్కుని దానికీ పసుపు రాసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఏటంటోందని నాన్నమ్మ అడిగితే, కథ బాగుందంటోందని అబద్ధమాడాను. మర్నాడు అదే పీట మీద కూర్చుని, జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు కూడా తలెత్తలేకపోయాను. పెళ్ళికూతురి సిగ్గనుకుని అందరూ మురిసిపోయారు. మక్‌చిక్ ముందుకొచ్చి అక్షింతలు వేసి వెళ్ళింది. నాన్నమ్మ పోయేదాకా వాళ్ళ స్నేహం అలాగే సాగింది, ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, మన్నించమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఈసారి ఆ ఊరి సంగతీ, మక్‌చిక్ నా చెవిలో చెప్పిన మాటా ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. పిల్లలు బుద్ధిగానే వింటారు, పాపం అనుకుంటారు. కాని మనవరాలు ఉండే ఫ్లాట్‌లో ఎదురు తలుపు ఎవరిదో కూడా దానికి తెలియదట. మన రోజుల్లో నోరు జారితే తల దించుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేది. ఇప్పుడు నిజం చెబుదామన్నా, ఎవరి ముందు తల దించుకోవాలో ఆ మనిషే పెళ్ళిలో ఉండదు.